షెడ్డుకు వెళ్ళే కరెంటు తీగలో లోపం – కనుక్కోవడం ఎలా?



కొత్త షెడ్డు కట్టేటప్పుడు గోడలకు, పైకప్పుకు, స్టాండ్లకు, ఉజి ఈగ రాకుండా కట్టే నైలాన్ వలకు మనం పైసా పైసా లెక్క వేసుకుంటాం. కరెంటు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో మిగిలిన వైరు ముక్కలు రెండు మూడు ముడివేసి, ఇంటి చూరు నుంచి షెడ్డు చూరుకు లాగి, బల్బు వెలిగితే పని అయిపోయిందనుకుంటాం. శిడ్లఘట్ట, చింతామణి, ముళబాగిలు వైపు పల్లెల్లోనూ, హోసూరు, క్రిష్ణగిరి వైపు పల్లెల్లోనూ ఇలాంటి తీగలు కనిపిస్తూనే ఉంటాయి. ఎండకు ఎండి, వానకు తడిసి, గాలికి ఊగే ఈ తీగ కొన్నాళ్ళు బాగానే పనిచేస్తుంది. తర్వాత మొరాయిస్తుంది. అదీ పురుగులు నాలుగో జ్వరం లేచి గబగబా మేసే రోజుల్లో, వాన కురిసే రాత్రి.

పురుగు తన జీవితంలో తినే మొత్తం ఆకులో నూటికి 80 వంతులకు పైగా అయిదో దశలోనే తింటుంది. ఆ వారం రోజుల్లో షెడ్డు చీకటైతే ఏ రైతుకైనా కాలూ చెయ్యీ ఆడదు. అప్పుడే కొందరు ఫ్యూజులో లావు తీగ చుడతారు. మరికొందరు ట్రిప్ స్విచ్‌ను తప్పించి వైరును నేరుగా కలిపేస్తారు. పంట కాపాడుకోవాలనే ఆదుర్దాలో చేసే ఈ పని ఇంట్లోవారి ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకంటే షెడ్డులో మనం వట్టి కాళ్ళతో తడి నేల మీద నిలబడతాం. చేతికి తగిలేది ఇనుప స్టాండు. బోర్డులో 5 ఆంపియర్ల ఫ్యూజు ఉందంటే అంతకు మించి కరెంటు పారితేనే అది కాలిపోతుంది. మనిషి ప్రాణానికి అపాయం కలగడానికి అందులో వందో వంతు కరెంటు కూడా చాలు. అందుకే ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్ల, అంటే 0.03 ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ట్రిప్ స్విచ్ పెట్టుకోవాలంటారు. దీన్ని ఆర్.సి.సి.బి. అంటారు. ఎం.సి.బి. వేరు. అది ఫ్యూజు చేసే పనే చేస్తుంది, అంటే లోడు ఎక్కువైనా, రెండు తీగలు ఒకదానికొకటి తగిలినా పడుతుంది. లీకేజీని అది పట్టదు. రెండూ ఉండాలి. ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అని ఒక చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి దాన్ని నొక్కి చూడండి. పడకపోతే ఆ స్విచ్ ఉన్నా లేనట్టే.

లోపం చెప్పే గుర్తులు

వాన పడితే ట్రిప్ అయి, ఎండ కాస్తే మళ్ళీ నిలబడితే ఎక్కడో నీరు దిగుతున్నదని అర్థం. బయటి బల్బు హోల్డరు, గోడకున్న స్విచ్ పెట్టె, తీగ మధ్యనున్న జాయింటు, వీటిని మొదట అనుమానించాలి. అన్నీ ఆపి ఉన్నా స్విచ్ వేయగానే పడిపోతుంటే తీగలోనే లోపం. కొంతసేపు నడిచి, హీటరు వేశాక పడుతుంటే లోడుకు తగ్గ వైరు కాదు. 2,000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. బల్బు కోసం లాగిన సన్న తీగ దానికి పనికిరాదు.

గాలి వీచినప్పుడల్లా లైటు రెపరెపలాడితే జాయింటు వదులైంది. కాని ఇంట్లోనూ షెడ్డులోనూ లైట్లన్నీ ఒక్కసారిగా మరీ ప్రకాశంగా వెలిగినా, మరీ మసకబారినా లోపం స్తంభం దగ్గర ఉండవచ్చు. అక్కడ న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావలసిన చోట 400 వోల్టుల దాకా వస్తుంది. వెంటనే మెయిన్ ఆపి లైన్‌మాన్‌ను పిలవాలి.

అన్నిటికన్నా మోసం చేసే గుర్తు ఒకటుంది. షెడ్డులో బల్బు వెలగదు, ఫ్యాను తిరగదు. కరెంటు లేదనుకుని తీగ మీద చెయ్యి వేస్తాం. ఇంటికీ షెడ్డుకూ నడుమ న్యూట్రల్ తెగినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఫేజు తీగలో కరెంటు ఉంటుంది, తిరిగి పోయే దారి మాత్రం ఉండదు. బల్బు స్విచ్ వేసి ఉంటే దాని గుండా వచ్చి న్యూట్రల్ తీగలో కూడా కరెంటు నిలిచి ఉంటుంది. ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగితే ఇదే లోపమని అనుమానించాలి. బల్బు ఆరిందంటే తీగ చచ్చిందని కాదు. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, అప్పుడే ముట్టుకోవాలి. ఆ టెస్టరు పనిచేస్తున్నదో లేదో కూడా ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి సరిచూసుకోవాలి.

ఇక స్టాండో, షట్టరో చురుక్కుమంటే ఆలోచించనే వద్దు. షెడ్డు లైను ఆపేసి, లోపం దొరికేదాకా వేయకండి.

వెదికే పద్ధతి

రాత్రిపూట, వానలో వెదకరాదు. తెల్లవారాక, చెప్పులు వేసుకుని, పొడి చేతులతో మొదలుపెట్టండి. షెడ్డులో స్విచ్‌లన్నీ ఆపి, ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదా అంటే చాలదు. స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ పోయి ఎర్త్‌కు తగిలినా ఆర్.సి.సి.బి. పడుతుంది. అన్నీ పీకాక ట్రిప్ స్విచ్ ఎత్తండి. నిలబడితే లోపం సామాన్లలోనో, లైట్లలోనో ఉన్నట్టు. ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. హీటరు, కూలరు, స్ప్రేయరు మోటారు, ఈ వరుసలో చూడండి. అన్నీ పీకినా పడిపోతుంటే బయటి తీగదే తప్పు.

ఇక్కడ ఒక సదుపాయం చేసుకుంటే వెదుకులాట సగం తగ్గుతుంది. ఇంటి బోర్డు దగ్గరే షెడ్డు కోసం వేరే డబుల్ పోల్ స్విచ్ పెట్టించుకోండి. అది ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచుతుంది. దాన్ని ఆపితే ఇల్లు వెలుగుతూ ఉంటే లోపం షెడ్డు వైపు ఉందని ఎవరైనా చెప్పగలరు, ఇంట్లో మిగతావారికి చీకటి బాధా ఉండదు.

తర్వాత మెయిన్ ఆపి, తీగ వెంబడే ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవండి. చెట్టు కొమ్మ రాసుకునే చోటు, రేకు అంచు కోసుకునే చోటు, టేపు ఎండకు విడిపోయిన జాయింటు, ఎలుక కొరికిన చోటు చూడండి. గోడలోకి తీగ దిగే రంధ్రం దగ్గర ప్రత్యేకంగా చూడాలి. వాన నీరు తీగ వెంట జారి నేరుగా పెట్టెలోకి పోతుంది. తీగను పెట్టె కన్నా కిందికి ఒక వంపు ఇచ్చి, అక్కడి నుంచి పైకి తెచ్చి లోపలికి పంపితే నీరు ఆ వంపు దగ్గరే బొట్లు బొట్లుగా రాలిపోతుంది. ఖర్చు లేని పని, అయినా చాలామంది చేయరు.

కంటికి కనబడని లోపానికి ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గరు అనే పరికరం ఉంటుంది. బల్బులు, ప్లగ్గులు తీసేసి 500 వోల్టుల మెగ్గరుతో చూసినప్పుడు ఒక మెగా ఓము కన్నా తక్కువ చూపితే ఆ తీగను మార్చవలసిందే. టేపు చుట్టి లాభం లేదు.

బ్లీచింగు పొడి చేసే చేటు

ఇది మన షెడ్లకే ప్రత్యేకమైన సంగతి. పంట పంటకూ 2 శాతం బ్లీచింగు పొడి, 0.3 శాతం సున్నం కలిపిన ద్రావణంతో షెడ్డు కడుగుతాం. రోగాలు రాకుండా అది తప్పనిసరి. కాని క్లోరిను రాగిని, ఇత్తడిని తినేస్తుంది. హోల్డరు లోపల, ప్లగ్గు కొసల మీద పచ్చని చిలుము కనిపిస్తే అదే కారణం. చిలుము పట్టిన చోట తీగ వేడెక్కుతుంది, వదులవుతుంది. కాబట్టి పిచికారీకి ముందు షెడ్డు లైను ఆపి, స్విచ్ బోర్డుకు పాలిథిన్ కాగితం కట్టండి. షెడ్డు బాగా ఆరాకే విప్పండి. చిలుము పట్టిన హోల్డరును గీకి మళ్ళీ వాడవద్దు, కొత్తది పెట్టండి.

బట్టల తీగ, పంపుసెట్టు తీగ

బయటి వైరు జారిపోకుండా దానికి ఆసరాగా ఇనుప జి.ఐ. తీగ కట్టడం మన వాడుక. గాలికి ఊగి ఊగి వైరు తొడుగు అరిగిపోతే ఆ ఇనుప తీగకు కరెంటు పాకుతుంది. అదే తీగ మీద, లేదా దానికి తగిలే తీగ మీద ఇంట్లో ఆడవారు తడి బట్టలు ఆరవేస్తారు. బట్టలారేసే తీగ కరెంటు తీగకు గాని, దాని ఆసరా తీగకు గాని, షెడ్డు రేకుకు గాని తగలనే కూడదు. ఈ రోజే చూసి, తగిలితే విప్పేయండి. వైరు ఎత్తు కూడా చూసుకోండి. మల్బరీ కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని నడిచినా తగలకూడదు.

పంపుసెట్టు స్టార్టరు పెట్టె నుంచి షెడ్డుకు ఒక ఫేజు లాగి, న్యూట్రల్‌కు బదులు భూమిలో కడ్డీ పాతి బల్బు వెలిగించేవారు అక్కడక్కడ ఉన్నారు. ఇది నేరం. అంతకన్నా ముఖ్యం, ఆ కడ్డీకీ దాని చుట్టూ ఉన్న తడి నేలకూ కరెంటు ఎక్కుతుంది. మనిషికైనా, పశువుకైనా అక్కడ కాలు పెడితే అపాయమే.

కొత్త తీగ వేయించేటప్పుడు మధ్యలో జాయింటు లేని ఒకే ముక్క వేయించండి. ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ తీగ కూడా ఉండాలి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అన్నది మన దగ్గర వాడుక. పాత ఇళ్ళలో రంగును నమ్మవద్దు. భూమిలో వేస్తే పైపులో, అర మీటరుకు తగ్గని లోతున వేయాలి. ఎర్త్ గుంతలో వేసవిలో నీళ్ళు పోస్తుండాలి.

రాత్రి ట్రిప్ అయితే పురుగుల సంగతి

పెద్ద పురుగులకు చీకటి వల్ల నష్టం లేదు. చార్జింగు లైటు వెలుతురులో మేత వేసి, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే తెల్లవారేదాకా ఏ ఢోకా ఉండదు. చాకీ పురుగులకు మాత్రం 27–28 డిగ్రీల వేడి, 85–90 శాతం తేమ కావాలి. తట్టల మీద పారఫిన్ కాగితం కప్పి, చుట్టూ తడి ఫోమ్ ముక్కలు పెట్టి, గది తలుపులు వేస్తే ఆ రాత్రికి చాలావరకు నిలుస్తుంది. బొగ్గుల కుంపటి పెట్టి మూసిన గదిలో మనుషులు పడుకోరాదు.

ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపండి. అది ఆపేదాకా మనిషిని ముట్టుకోవద్దు. పొడి కర్రతో తీగను తప్పించి, 108కి ఫోన్ చేయండి.

మీటరు దాకా కరెంటు శాఖ వారిది, మీటరు దాటితే మీ బాధ్యత. స్తంభం వైపు లోపానికి కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల వారు బెస్కాం ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పవచ్చు. మిగతా చోట్ల నంబరు మీ కరెంటు బిల్లు మీద చూసుకోండి. మీ తీగకు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. ఏ వేళ ట్రిప్ అయింది, వాన పడుతున్నదా, అప్పుడు హీటరు వేసి ఉందా, ఈ మూడు సంగతులు ఒక చీటీ మీద రాసిపెట్టి అతనికి చూపండి.