అడవికి తోడెందుకు?

హైదరాబాద్ శివారు అల్మాస్‌గూడలో పొద్దున్నే వాకింగ్‌కు బయల్దేరితే కాలనీ రోడ్లే పట్టాలని లేదు. పక్కనే గుర్రంగూడ అడవి ఉంది. నాగార్జునసాగర్ రోడ్డు వెంట అటవీ శాఖ అక్కడ సంజీవని వనం పెంచింది. ఇంకాస్త దూరం పోగలిగితే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడది నిజాం వేటాడిన చోటు. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం గుర్తుగా 1975లో దానికి ఆయన పేరు పెట్టారు. 3,600 ఎకరాల పైచిలుకు పొదలు, గడ్డి, కృష్ణజింకలు.

చెట్ల మధ్య నడిస్తే మనసు తేలికపడుతుందన్నది అందరికీ అనుభవమే. దాన్ని కొలిచి చూసింది జపాన్ వాళ్లు. 24 అడవుల్లో 280 మందిని ఒక రోజు అడవిలో, మరో రోజు నగరంలో నడిపించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. అడవిలో నడిచాక లాలాజలంలో కార్టిసాల్ తక్కువగా ఉంది. నాడి, రక్తపోటు కూడా తగ్గాయి. ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోనే కార్టిసాల్. ఆఫీసు, ఈఎంఐ, ట్రాఫిక్ లాంటి బెంగలకూ అది ఊరుతుంది. అయితే ఆ 280 మందీ ఇరవై ఏళ్ల ఈడు కుర్రాళ్లే. అవి జపాన్ అడవులు. ఆ లెక్కను తంగేడు, సీతాఫలం పొదలున్న మన దక్కన్ అడవికి, యాభై దాటిన మనకు ఉన్నదున్నట్టు అంటగట్టలేం.

మరి వెంట స్నేహితుడుంటే లాభం రెట్టింపవుతుందా? ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. స్వీడన్‌లో 20 మంది విద్యార్థులను పార్కులోనూ వీధిలోనూ, ఒంటరిగానూ దోస్తుతోనూ 40 నిమిషాల చొప్పున నడిపించారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, వీధిలో దోస్తు ఉంటే హుషారు ఎక్కువ పెరిగింది. పార్కులో మాత్రం ఒంటరిగా నడిచినప్పుడే ఎక్కువ పెరిగింది. ఇరవై మందితో తేల్చిన మాటే అనుకోండి, కానీ కారణం ఊహకందేదే. మాట్లాడాలంటే వినాలి, బదులివ్వాలి. అలసిన ధ్యాస చెట్టు దగ్గర తీసుకోవాల్సిన విశ్రాంతిని ఆ కబుర్లు మింగేస్తాయి. అదీ రియల్ ఎస్టేట్ కబుర్లయితే చెప్పనే అక్కర్లేదు!

అంతమాత్రాన తోడు దండగ కాదు. అడవి నడకను ఊహించుకోమని అడిగి చేసిన 2004 నాటి మరో అధ్యయనంలో, తోడు ముందుగా ఇచ్చేది భద్రత అని తేలింది. వెనక ఆకు గలగలమంటే ఉలిక్కిపడే మనిషికి కార్టిసాల్ తగ్గదు. పాము భయం, కుక్కల భయం, ఆడవాళ్లకైతే మనుషుల భయం. తోడొచ్చేవాళ్లు పొలానికి కంచె లాంటివాళ్లు: భయాన్ని బయటే ఆపుతారు, లోపల మనసు తన పని చేసుకుంటుంది.

కాబట్టి నా తీర్పు ఇది: గుర్రంగూడ వెళ్లేటప్పుడు దోస్తును తప్పకుండా పిలవండి. గేటు దాకా కడుపునిండా మాట్లాడుకోండి. లోపల ఓ అరగంట ఇద్దరూ నోళ్లు, ఫోన్లు కట్టేయండి. మౌనంగా కలిసి నడిచినా ఏమీ అనుకోని దోస్తు దొరికితే వదలకండి. అన్నట్టు, నడక బాగుందని బీపీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానేయవద్దు.