వరసింటికి వెచ్చదనం... వరసగా!

బయట మూడు డిగ్రీలు. లోపల గోడను తాకితే మంచుగడ్డ. బాయిలర్ గంటలకొద్దీ మండుతున్నా గది వేడెక్కదు. బిల్లు మాత్రం భగ్గుమంటుంది. బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న ప్రతి కుటుంబానికీ చలికాలంలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే... ఉన్న డబ్బును ముందు దేనిమీద పెట్టాలి?

‘‘నాలుగు కోట్లు పోసి కొన్నారు కదే! ఇంట్లో కూర్చోవాలంటే శాలువా కప్పుకోవాలా?’’

‘‘అమ్మా, పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలే హీటింగ్ వేస్తాం. బిల్లు చూశావంటే నీకు చలి పోయి చెమటలు పడతాయి!’’

విజయవాడ నుంచో వరంగల్ నుంచో కూతురి దగ్గరికి వెళ్లిన తల్లికి, లండన్ శివారులో కాపురం ఉంటున్న కూతురికి మధ్య ఏటా డిసెంబరులో వినిపించే సంభాషణ ఇది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకనీ, ఆసుపత్రుల్లో కొలువులకనీ వెళ్లిన తెలుగువారు అక్కడ సొంతిల్లు అనుకోగానే చాలామంది బడ్జెట్‌కు అందేది ‘టెర్రస్డ్ హౌస్’. పేరు చూసి పైన డాబా ఉంటుందనుకుంటే పొరపాటే. మన పాత అగ్రహారాల్లో మాదిరిగా ఉమ్మడి గోడలతో, ఒకదానికొకటి ఆనుకుని వీధి పొడవునా సాగే వరసిళ్లవి. ఇంగ్లండ్‌లోని ఇళ్లలో దాదాపు అయిదో వంతు 1919కి ముందు కట్టినవే. వాటిలో ఇలాంటి వరసిళ్లు లక్షల్లో ఉన్నాయి.

బొగ్గు కాలం నాటి ఇల్లు

ఆ ఇళ్లు కట్టినప్పుడు ప్రతి గదిలోనూ ఓ బొగ్గు పొయ్యి, దానికో పొగగొట్టం. మంట ముందు కూర్చున్నవాళ్లకు వెచ్చన, వెనక వీపుకు చలి. పొగ బయటికి పోవాలన్నా, మంట మండాలన్నా గాలి ఆడాల్సిందే. అందుకే తలుపుల కింద, కిటికీల సందుల్లో, చెక్క నేల పలకల మధ్య గాలి దూరినా ఎవరూ పట్టించుకోలేదు. 1956లో గాలి కాలుష్యాన్ని అరికట్టే చట్టం వచ్చింది. 1967 నుంచి పదేళ్లలో ఉత్తర సముద్రపు గ్యాసు ఊరూరా చేరింది. బొగ్గు పోయి బాయిలర్, రేడియేటర్లు వచ్చాయి. ఇల్లు మాత్రం అలాగే ఉండిపోయింది!

గోడల సంగతి మరీ ముఖ్యం. 1920ల తర్వాత కట్టిన ఇళ్లకు సాధారణంగా రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీని దూదిలాంటి పదార్థంతో నింపేస్తే వేడి ఆగుతుంది. అంతకు ముందటివి మన మేస్త్రీలు చెప్పే తొమ్మిదంగుళాల గోడలు. మధ్యలో ఖాళీ లేదు, నింపడానికి వీల్లేదు. గట్టిగా కనిపించే ఆ గోడే, ఖాళీ ఉన్న గోడకన్నా రెట్టింపు వేడిని బయటికి వదిలేస్తుంది. వరస మధ్యలో ఉన్న ఇంటికి ఓ అదృష్టం... రెండు పక్కలా పొరుగిళ్లే కాబట్టి ముందు, వెనక గోడలే చలికి ఎదురొడ్డాలి. వరస చివరి ఇంటికి మూడో గోడా భారమే.

బిల్లు కుదిపేసిన ఏడాది

2021 అక్టోబరులో బ్రిటన్‌లో సాధారణ కుటుంబం గ్యాసు, కరెంటు బిల్లుల వార్షిక పరిమితి 1,277 పౌండ్లు. 2022 ఏప్రిల్‌కు 1,971. ఉక్రెయిన్ యుద్ధంతో ఆ అక్టోబరుకు 3,549కి చేరాల్సింది. ప్రభుత్వం అడ్డుపడి 2,500 దగ్గర ఆపింది. ఆ తర్వాత తగ్గినా, ధరలు పాత స్థాయికి మాత్రం దిగలేదు. అప్పటిదాకా బాయిలర్ వంక చూడనివాళ్లు కూడా లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ‘పాత బాయిలర్ తీసేసి కొత్తది పెట్టించేద్దాం’ అన్నదే చాలామందికి తట్టే మొదటి ఆలోచన.

అక్కడే లెక్క తప్పుతుంది. చిల్లు కుండలో నీళ్లు నిలవడంలేదని పెద్ద చెంబు కొంటామా? ముందు చిల్లు పూడ్చాలి. ఇంటి వెచ్చదనానికీ అదే సూత్రం!

మొదటి మెట్టు: వందల్లో...

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులతో మొదలుపెట్టాలి. తలుపులు, కిటికీల అంచులకు రబ్బరు, బ్రష్ పట్టీలు వేయడం, ఉత్తరాల కంతకు మూత పెట్టడం, వాడని పొగగొట్టంలో గాలి బుడగలాంటి అడ్డు ఉంచడం... అన్నీ కలిపినా సొంతంగా చేసుకుంటే వంద పౌండ్లు దాటకపోవచ్చు. నేల దగ్గర బయటి గోడలో కంతలున్న ఇటుకలు కనిపిస్తాయి. చలి వస్తోందని వాటిని మాత్రం మూయకూడదు. చెక్క నేల కింద గాలి ఆడకపోతే దూలాలు కుళ్లిపోతాయి.

తర్వాత అటక. కప్పుకు రక్షణ లేని ఇంట్లో పావు వంతు వేడి పైనుంచే పోతుంది. అటక మీద 270 మిల్లీమీటర్ల మందాన ఉన్ని పరుపు పరవాలన్నది అక్కడి సిఫార్సు. చాలా పాత ఇళ్లలో ఎప్పుడో పరిచిన నాలుగంగుళాల పొరే ఉంటుంది. పైన మరో పొర వేయడానికి కొన్ని వందల పౌండ్ల నుంచి వెయ్యి దాకా చాలు. ‘నురగ చల్లేస్తాం, ఒక్క రోజులో పని పూర్తి’ అంటూ తలుపు తట్టేవాళ్లతో జాగ్రత్త. కప్పు చెక్కలకు నురగ చల్లిన ఇంటికి అప్పివ్వడానికి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి. రేపు ఇల్లు అమ్మాలంటే అదో చిక్కు.

రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి పెట్టిన గ్యాసు బాయిలర్లు దాదాపు అన్నీ ‘కండెన్సింగ్’ రకం. పొగలోని ఆవిరి వేడిని కూడా పట్టుకోవడం వాటి ప్రత్యేకత. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే అది సాధ్యం. బిగించినవాళ్లు 75-80 దగ్గర వదిలేసి వెళితే ఆ సుగుణం వృథా! రేడియేటర్ నీటి వేడిని 60కి తగ్గిస్తే గ్యాసు ఆరు నుంచి ఎనిమిది శాతం ఆదా అవుతుంది. వేడినీటి ట్యాంకు విడిగా ఉన్న ఇళ్లలో మాత్రం ఈ పని నిపుణుడికే వదిలేయాలి. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలు లేకపోతే హానికర బ్యాక్టీరియా పెరుగుతుంది.

రెండో మెట్టు: వేలల్లో...

అసలు పరీక్ష గోడలది. లోపలి నుంచి పలకలు బిగిస్తే ఏడెనిమిది వేల పౌండ్లు. అసలే ఇరుకు గదులు మరికాస్త చిక్కిపోతాయి. బయటి నుంచి చేయిస్తే పది వేలు దాటుతుంది. వీధి ముఖం ఎర్ర ఇటుక అందం మారుతుంది కాబట్టి కొన్ని ప్రాంతాల్లో అనుమతీ దొరకదు. అందుకే వెనకవైపు వంటింటి గోడకు బయటినుంచి, ముందు గదికి లోపలినుంచి చేయించుకునేవాళ్లున్నారు.

పైగా ఇది అనాడీ చేతుల్లో పెట్టే పని కాదు. 2025 అక్టోబరులో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం ఓ నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు పొర వేసిన ఇళ్లలో 98 శాతం, లోపలి గోడలకు వేసిన వాటిలో 29 శాతం మళ్లీ సరిచేయాల్సినంత పెద్ద లోపాలతో ఉన్నాయని తేల్చింది. పాత గోడ తడిని పీల్చి వదిలే రకం. ఆ దారి మూసేస్తే తడి లోపలే చిక్కుకుని బూజు పడుతుంది.

బూజు మాట వచ్చింది కాబట్టి... మన వంటిళ్ల సంగతీ చెప్పుకోవాలి. అన్నం ఉడికే ఆవిరి, స్నానాల ఆవిరి, రేడియేటర్ల మీద ఆరేసిన బట్టలు, మనుషుల ఊపిరి... నలుగురున్న ఇంట్లో రోజుకు పది లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. చల్లటి గోడ తగలగానే చెమ్మగా మారుతుంది. బీరువా వెనక, మంచం మూలన నల్లటి మచ్చలు అలా వచ్చేవే. 2020 డిసెంబరులో రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు బూజు పట్టిన ఫ్లాట్‌లో ఊపిరితిత్తుల సమస్యతో చనిపోయాడు. ఆ చిన్నారి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ, సామాజిక అద్దె ఇళ్లకు అమల్లోకి వచ్చింది. కాబట్టి సందులు మూసే ప్రతి ఇంట్లోనూ వంటింట్లో, స్నానాలగదిలో గాలి లాగే ఫ్యాను పనిచేయాల్సిందే. ఇంట్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బిల్లుకు భయపడి పసిపిల్లల గదిలో హీటింగ్ కట్టేయడం ఆదా కాదు.

మూడో మెట్టు: యంత్రం

ఇప్పుడు బాయిలర్ వంతు. కొత్త గ్యాసు బాయిలర్‌కు బిగింపుతో కలిపి రెండున్నర నుంచి నాలుగు వేల పౌండ్లు అవుతుంది. ప్రత్యామ్నాయం హీట్ పంప్. ఏసీని తిరగేసి బిగించినట్టన్నమాట! బయటి చల్లగాలిలోని వేడిని లాగి లోపలికి పంపుతుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఖరీదు సగటున 12-13 వేల పౌండ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022లో అయిదు వేలతో మొదలైన ప్రభుత్వ సాయాన్ని 2023 అక్టోబరులో ఏడున్నర వేలకు పెంచారు. ఈ పనుల మీద పన్నును 2027 మార్చి వరకు సున్నా చేశారు. అంటే చేతినుంచి పడేది సుమారు అయిదు వేలు.

మరి నెలనెలా బిల్లు? గ్యాసు యూనిట్ 6 పెన్నీలు, కరెంటు 25 పెన్నీలు అనుకుందాం. 85 శాతం సామర్థ్యంతో మండే బాయిలర్‌లో యూనిట్ వేడి 7 పెన్నీలు పడుతుంది. ఒకటికి మూడిచ్చే హీట్ పంప్‌లో 8.3. ఒకటికి మూడున్నర ఇచ్చేలా బిగిస్తే 7.1... దాదాపు సమానం! ఆ అరకు తేడా ఎక్కడిదంటే, నీళ్లను 55 డిగ్రీలకు కాకుండా 45కి వేడిచేస్తే చాలన్న ఇల్లు కావడంలో ఉంది. అలా కావాలంటే అటక, సందులు ముందే సరిచేసి ఉండాలి. కొన్ని గదులకు పెద్ద రేడియేటర్లు పెట్టాలి. వేడినీటి ట్యాంకుకు మెట్ల కిందో మూలనో చోటు చూడాలి. పెరటి హద్దుకు మీటరు దూరంలో యంత్రం ఉండాలన్న నిబంధన వరసిళ్లకు పెద్ద అడ్డంకిగా ఉండేది. ఇంగ్లండ్‌లో 2025 మేలో దాన్ని ఎత్తేశారు. పొరుగువాళ్లకు వినిపించే చప్పుడు మీద పరిమితి మాత్రం ఉంది.

ఇల్లు సరిచేయకముందే యంత్రం కొంటే దాని సైజు పెద్దదవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. తర్వాత ఎప్పుడో అటక సరిచేసుకుంటే అంత పెద్ద యంత్రం అనవసరమని తేలుతుంది. అప్పటికి డబ్బు పోయింది!

కొనేముందే చూడండి

అక్కడ అమ్మే, అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ఏ నుంచి జీ వరకు గ్రేడు వేసిన ఇంధన పత్రం ఉంటుంది. పదేళ్లు చెల్లుతుంది. పోస్టుకోడ్ కొడితే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. గోడ రకం, అటక మీద పొర మందం, ఏం చేయిస్తే ఎంత మిగులుతుందో అందులోనే ఉంటుంది. బేరమాడేటప్పుడు అదే ఆయుధం. అద్దె ఇంటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో కనీసం ఈ గ్రేడు ఉండాలన్న నిబంధన 2018లో మొదలైంది. బాయిలర్ ముట్టుకునే మనిషికి ‘గ్యాస్ సేఫ్’ గుర్తింపు ఉందో లేదో అడగడం మర్చిపోకూడదు.

సాధారణ కుటుంబం ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాసు వాడుతుందని 2023లో అక్కడి నియంత్రణ సంస్థ వేసిన లెక్క. ఆరు పెన్నీల చొప్పున 690 పౌండ్లు. ఎనిమిది శాతం తగ్గితే 55 పౌండ్లు మిగులుతాయి. అదీ బాయిలర్ మీద ఓ మీట తిప్పినందుకే! ఆ డబ్బుతో తలుపు సందులకు పట్టీలు, అక్కడ మిగిలినదానికి కాస్త కలిపి అటకకు పరుపు, ఆ తర్వాతే గోడ, చివరగా యంత్రం... ఈ వరస తప్పకపోతే నూరేళ్ల ఇల్లయినా వెచ్చబడుతుంది.

వచ్చే డిసెంబరుకు అమ్మ శాలువా పెట్టెలోనే ఉండిపోవచ్చు!