పదేళ్లు ఆగిన పలుకు

స్టూడియో ఉంది, మైకులున్నాయి, రికార్డింగు నేర్చిన ఆడవాళ్లున్నారు. లేనిదల్లా... సర్కారు ఇచ్చే కాగితం ఒక్కటే! జహీరాబాద్ దగ్గరి మాచనూరులో యునెస్కో సాయంతో 1998 నాటికే అన్నీ సిద్ధమైనా, ‘సంఘం రేడియో’ గాల్లోకి ఎక్కింది మాత్రం 2008 అక్టోబరు 15న.

అన్నేళ్లూ చేతులు ముడుచుకు కూర్చున్నారా అంటే, లేదు. పాటలు, పంటల ముచ్చట్లు, చెట్ల మందులు అన్నిటినీ క్యాసెట్లకెక్కించారు. ఊళ్లలో మహిళా సంఘాలు కూడినప్పుడు టేప్‌రికార్డరు పెట్టి వినిపించారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కూడగట్టిన ఈ మహిళల్లో ఎక్కువమంది చెలక సాగు చేసుకునే దళితులు. జొన్న గురించీ కొర్ర గురించీ పుస్తకాల తెలుగులో చెబితే వాళ్లకేం పట్టింది? పొలంలో మాట్లాడే యాసే వాళ్ల రేడియో భాష అయింది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం తలుపు తీసింది 2006లో. తీర్పుకీ తలుపుకీ మధ్య పదకొండేళ్లు! ఆ తీర్పిచ్చిన జస్టిస్ పి.బి.సావంతే మాచనూరు వచ్చి ప్రసారాలు ప్రారంభించడం భలే ముచ్చటైన సంగతి.

మైకు ముందు కూర్చున్నది ఇద్దరు నర్సమ్మలు. ఒకరు అల్గోల్ నర్సమ్మ, మరొకరు జనరల్ నర్సమ్మ. ఒకే చోట ఇద్దరుంటే పేరు ముందు గుర్తు తప్పదు కదా! 90.4 మెగాహెర్ట్జ్ మీద, చుట్టూ పాతిక కిలోమీటర్ల మేర, పొలం పనులు ముగిసిన సాయంత్రం పూట వాళ్ల మాట వినిపించింది. ఏ విత్తనం దాచుకోవాలి, ఏ పంటకు ఏది తోడు వేయాలి, పండక్కి ఏ పాట పాడాలి... ఎక్కువగా ఇవే కబుర్లు.