లింకను తాతల ఊరు

పండుగకో పెండ్లికో మనవారు నలుగురు కలిసినచోట మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేమిటండీ?" అనే. రెండవ ప్రశ్న "మీ అసలు ఊరు ఏది?" అని. మొదటిదానికి జవాబు ఠక్కున వస్తుంది. రెండవదానికి మాత్రం సగంమంది తల గోక్కుంటారు. "మా తాతగారి తాతగారో, వారి తండ్రిగారో అటునుంచి వచ్చారట" అని చేయి ఉత్తర దిక్కుకు చూపి ఊరుకుంటారు. ఈ "అట"ను గురించి ఒక కథ చెప్పాలని మాకు చాలాకాలంగా ఉన్నది. అది మనవారి కథ కాదు. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకను వంశం కథ. ఆయనకు కూడా తన వంశాన్ని గురించి తెలిసినదంతా కొన్ని "అట"లే అంటే పాఠకులు నమ్ముతారో లేదో!

1848వ సంవత్సరం. లింకను అప్పటికి 39 ఏండ్లవాడు. ఇలినాయి రాష్ట్రం నుంచి కాంగ్రెసు సభ్యుడై వాషింగ్టనులో ఉన్నాడు. మాసచూసెట్సు రాష్ట్రంలో సముద్రపుటొడ్డున హింగ్‌హాం అని ఒక ఊరు. ఆ ఊరి నిండా లింకను ఇంటిపేరువారే. వారిలో సాలమన్ లింకను అనే పెద్దమనిషి 1827లోనే తమ ఊరి చరిత్ర వ్రాసి అచ్చువేయించినవాడు. పడమటి రాష్ట్రం నుంచి తమ ఇంటిపేరుతో ఒక సభ్యుడు వచ్చాడని విని, మీరెవరి తాలూకు అని ఆయన విచారించాడు. దానికి లింకను మార్చి 6వ తేదీన వ్రాసిన జవాబు నేటికీ నిలిచి ఉన్నది.

ఆ జవాబు సారాంశం ఇది. తన తండ్రి తామసు, తాత అబ్రహాం. తాత 1782 ప్రాంతంలో వర్జీనియాలోని రాకింగ్‌హాం జిల్లా నుంచి కెంటకీ అడవులకు వెళ్ళాడు. వెళ్ళిన రెండేండ్లకు ఇండియనుల చేతిలో చనిపోయాడు. ముత్తాత పెన్సిల్వేనియా నుంచి వర్జీనియాకు వచ్చాడట. ఆయన క్వేకరు మతస్థుడట. అంతకు వెనుక సంగతి తానేమీ వినలేదు. ఇంతవరకు వ్రాసి, పోనీ ఇదీ ఒకమాట అన్నట్టుగా, తమ కుటుంబంలో అబ్రహాం, మొర్దెకై అనే పేర్లు తరచుగా వస్తుంటాయని చేర్చాడు. ఊరికే చేర్చిన ఆ ముక్కే చివరకు దారి చూపింది.

అంత చదువరి, అంత జ్ఞాపకశక్తి గలవాడు, ముత్తాత పేరైనా ఎందుకు ఎరుగడు? మన ఇండ్లలో తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలు చెప్పుకుంటాము గనుక మనకిది వింతగా తోస్తుంది. కారణం ఆ కెంటకీ చావే. 1786లో తాత అబ్రహాం పొలంలో పని చేసుకుంటూ ఉండగా దాడి జరిగింది. ముగ్గురు కొడుకులూ అక్కడే ఉన్నారు. పెద్దవాడు మొర్దెకై ఇంట్లోకి పరుగెత్తి, తుపాకి అందుకుని, తమ్ముడి మీదికి వస్తున్న మనిషిని కాల్చి పడవేశాడని ఆ ఇంట చెప్పుకునేవారు. బ్రతికి బయటపడిన ఆ చిన్న తమ్ముడే తామసు. అప్పటికి అతనికి ఎనిమిదేండ్లు ఉంటాయి. తండ్రి పోయాక కూలిపని చేసుకుంటూ ఊరూరా తిరిగి పెరిగాడు. తన పేరు వ్రాయడం కూడా కష్టమే అతనికి. అటువంటివాడు కొడుక్కు వంశవృక్షం ఏమి చెప్పగలడు? చావు జరిగిన సంవత్సరం కూడా ఇంట్లో సరిగా నిలవలేదు. లింకను ఉత్తరంలోని లెక్క ప్రకారం అది 1784 అవుతుంది.

లింకను అంతటితో ఊరుకోలేదు. వర్జీనియా నుంచి వచ్చిన మరొక కాంగ్రెసు సభ్యుడు, ఆ రాకింగ్‌హాం జిల్లాలో డేవిడ్ లింకను అనే ఆయన ఉన్నాడని చెప్పగా, మార్చి 24న ఆయనకు ఉత్తరం వ్రాశాడు. జవాబు వచ్చింది. తన తాత, డేవిడ్ పెదతండ్రి ఒకరేనని తేలింది. ఏప్రిల్ 2న మళ్ళీ వ్రాశాడు. ఆ ముత్తాత పేరు జాన్. అక్కడికి దారం ఆగిపోయింది. 1860లో అధ్యక్షపదవికి పోటీ చేసేనాడు తన జీవిత విశేషాలు వ్రాసిచ్చినప్పుడు కూడా పెన్సిల్వేనియా, క్వేకరులు అనే ఆ పాత మాటలే. న్యూ ఇంగ్లండు లింకనులతో చుట్టరికం కలపాలని చూస్తే పేర్ల పోలిక తప్ప గట్టి ఆధారమేదీ దొరకలేదన్నది ఆయన అభిప్రాయం. 1865లో హత్యకు గురి అయ్యేనాటికి ఆయన ఎరిగినది అంతే.

ఆయన తరువాత వెతికినవారు కాగితాల వెంట పడ్డారు. ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఇంటిపేరు ఒకటేగా, సులువుగా దొరకదా అనుకుంటాము. కాని గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా వ్రాసేవాడు. తాత అబ్రహాం కెంటకీలో కొన్న 400 ఎకరాల పత్రంలో ఆయన పేరు "లింక్‌హార్న్". (ఇక్కడి పట్టాలలోను, బడి రిజిస్టర్లలోను మన ఇంటిపేర్లు ఎన్ని తీరుల విరిగాయో ఎరిగిన పాఠకులు నవ్వుకోవచ్చు. మనలో కొందరి ఇంటిపేరు పూర్తిగా పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే మిగిలింది.)

ఇంటిపేరు అట్లా వంకరలు తిరిగినా, పెట్టుడు పేర్లు మాత్రం చెక్కు చెదరలేదు. మాసచూసెట్సులో సిట్యువేట్ అనే ఊర మొర్దెకై అనే కమ్మరి ఉండేవాడు. అతని కొడుకులలో ఒకడు మొర్దెకై, ఒకడు అబ్రహాం. ఈ ఇద్దరు అన్నదమ్ములూ యౌవనంలో ఆ ఊరు విడిచిపోయారు. అటు న్యూజెర్సీ దస్తావేజులలో 1710 తరువాత మొర్దెకై, అబ్రహాం అనే ఇద్దరు లింకనులు కనబడుతారు. కొంతకాలానికి ఆ మొర్దెకై పెన్సిల్వేనియా చేరి ఇనుప కొలిమిలో భాగస్థుడై, 1733లో రాతి ఇల్లు కట్టుకుని, 1736లో కాలం చేశాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉన్నది.

ఐతే వర్జీనియాకు వెళ్ళిన జాన్ ఈ మొర్దెకై కొడుకే అనడానికి ఏమి నిదర్శనం? మొర్దెకై తన వీలునామాలో మొదటి భార్య కొడుకైన జాన్‌కు న్యూజెర్సీలోని 300 ఎకరాలు వ్రాశాడు. 1748లో పెన్సిల్వేనియా కాపురస్థుడు జాన్ లింకను ఆ 300 ఎకరాలు అమ్మివేసిన దస్తావేజు దొరికింది. ఒక భూమి, ఒక అమ్మకం; దానితో నూరేండ్ల సందేహం తీరింది. శాముయేల్ షాక్‌ఫర్డు అనే పరిశోధకుడు 1887లో ఈ వరుసను ప్రకటించాడు. మేము వంశచరిత్రలు కొన్ని చూశాము. రాజుల పేర్లతో మొదలయ్యే వంశావళి కంటె అమ్మిన పొలం దస్తావేజు వెయ్యి రెట్లు నమ్మదగినది.

మరి క్వేకరు మాట ఎక్కడిది? పెన్సిల్వేనియాలో ఇరుగుపొరుగువారు క్వేకరులు. మొర్దెకై చనిపోయాక పుట్టిన అతని చివరి కొడుకు, అతని పేరూ అబ్రహామే, బూన్ వారి క్వేకరు పిల్ల ఆన్‌ను పెండ్లాడాడు. మతం బయటివాడిని చేసుకున్నదని ఆమెను క్వేకరు సమాజం మందలించింది. అంటే లింకనులు ఆ మతస్థులు కారనే కదా! పక్కింటివారి మతం రెండు తరాలలో తమ మతమై కూర్చున్నది. అసలు మొదట వచ్చినవాడు ప్యూరిటనుల ఊరివాడు.

అతడే శాముయేల్ లింకను. ఇంగ్లండులో నార్ఫోక్ జిల్లా, హింగ్‌హాం అనే ఊరి చర్చి పుస్తకంలో 1622 ఆగస్టు 24న అతనికి బాప్తిస్మం ఇచ్చినట్టు వ్రాసి ఉన్నది. ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి చర్చిలోను పుట్టుక, పెండ్లి, చావు లెక్క వ్రాయాలని ప్రభుత్వం శాసించింది గనుక ఈ ఒక్క వాక్యం మనకు దక్కింది. లింకను అనే ఇంటిపేరు ఆ దేశంలోని ఒక పట్నం పేరు. మన ఇంటిపేర్లు అనేకం ఊళ్ళ పేర్లు అయినట్లే.

శాముయేల్ తాత రిచర్డు, స్వాంటన్ మోర్లీ అనే పల్లెలో కలిగినవాడు. నాలుగు పెండ్లిళ్ళు చేసుకున్నాడు. 1620లో చనిపోతూ చివరి భార్య పిల్లలకు ఆస్తి కట్టబెట్టి, మొదటి భార్య కొడుకు ఎడ్వర్డుకు దాదాపు ఏమీ మిగల్చలేదు. ఎడ్వర్డు హింగ్‌హాంలో కాలం గడిపాడు. అతని కొడుకులు నేతపనికి దిగారు. నేతగాడి కష్టం మన పాఠకులలో చాలామందికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఊరి పాదిరి రాబర్టు పెక్ ప్యూరిటను. రోమను మత లక్షణాలు ఇంకా మిగిలిన ఇంగ్లీషు చర్చిని శుద్ధి చేయాలన్నది ప్యూరిటనుల పట్టుదల. పెక్ తన చర్చిలో బలిపీఠం చుట్టూ ఉన్న కటకటాలు పీకించి, పీఠాన్నే కిందికి దించించాడు. బిషప్పుతో తగాదా పడ్డది. 1630కి, 1640కి నడుమ ఇట్టివారు ఇంచుమించు 20,000 మంది సముద్రం దాటి న్యూ ఇంగ్లండుకు పోయారు. హింగ్‌హాం వాడే అయిన పీటర్ హోబర్టు అనే పాదిరి 1635లో అక్కడ ఊరు కట్టించి దానికి తమ ఊరి పేరే పెట్టాడు. పెక్ 1638లో వెళ్ళి, కొన్నేండ్లకు తిరిగి వచ్చాడు. శాముయేల్ భక్తికోసం వెళ్ళాడా, బ్రతుకు తెరువుకోసం వెళ్ళాడా అని అడిగితే, రెండూనని మా ఊహ. వలస పోయినవారిని కొంతకాలం గడిచాక అడిగితే గొప్ప కారణమే చెప్పుతారు.

1637 ఏప్రిల్‌లో యార్మత్ రేవులో వ్రాసిన ప్రయాణికుల పట్టీలో నార్విచ్ నేతగాడు ఫ్రాన్సిస్ లాస్, అతని భార్య, కూతురు, ఇద్దరు నౌకర్లు ఉన్నారు. నౌకర్లలో ఒకడు "శాముయేల్ లింకార్న్, వయస్సు 18". బాప్తిస్మం లెక్కకు 15కు మించకూడదు. పిల్లవాడు మూడేండ్లు కలిపి చెప్పాడో, యజమానే చెప్పించాడో మరి. ఓడ సేలం రేవు చేరింది. (మనవారు పరువుగా కాపురాలు చేసే సేలం కాదు సుమా!) కొంతకాలానికి శాముయేల్ కొత్త హింగ్‌హాంకు మారాడు. అతని అన్న తామసు అప్పటికే అక్కడ స్థలం సంపాదించుకుని ఉన్నాడు.

ఆ ఊళ్ళో ఒకేసారి నలుగురు తామసు లింకనులు ఉండేవారు! గుర్తుకోసం నేత తామసు, పీపాల తామసు, మరల తామసు, వ్యవసాయం తామసు అని పిలిచేవారు. పీపాలవాడంటే కొయ్యపీపాలు చేసేవాడు. మరలవాడంటే పిండిమర నడిపేవాడు. శాముయేల్ అన్న నేత తామసు. పిల్లలు లేక 1675లో చనిపోతూ ఆస్తిని తమ్ముడికి ఇచ్చాడు. తండ్రికి తాత చేసిన అన్యాయం ఇక్కడ కొంత తీరినట్లే.

శాముయేల్‌కు, మార్తాకు పదకొండుగురు పిల్లలు. 1681లో ఆ ఊరివారు కట్టుకున్న ప్రార్థనా మందిరం నేటికీ వాడుకలో ఉన్నది. 1690లో శాముయేల్ కన్నుమూశాడు. ప్యూరిటనులు సాధువుల పేర్లు మాని బైబిలు పాత నిబంధన పేర్లు పెట్టుకునేవారు. శాముయేల్ ఒక కొడుకుకు మొర్దెకై అని పెట్టాడు. మొర్దెకై భార్య శారా. ఆమె తండ్రి పేరు అబ్రహాం జోన్సు. తమ బిడ్డకు ఆ తాత పేరు పెట్టుకున్నారు. ఆ విధంగా మాతామహుడి పేరు లింకనుల ఇంట ప్రవేశించి, 1809లో కెంటకీ గుడిసెలో పుట్టిన పిల్లవాడి వరకూ వచ్చింది. వారి ఇంటిలోను మన ఇంటిలోను ఆచారం ఒకటే! లింకను తన తాత పేరు పెట్టుకున్నానని ఎరుగును. ఆ తాత పేరు ఎవరిదో ఎరుగడు.

1848 సెప్టెంబరులో లింకను ఎన్నికల ప్రచారానికి మాసచూసెట్సు వెళ్ళాడు. ఉస్టర్ పట్నంలో ఆ రాష్ట్రపు మాజీ గవర్నరు లెవీ లింకను ఆయనను తన ఇంట విందుకు పిలిచాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇంటిపేరు ఒకటే కదా అని మాటలు జరిగాయి. లెవీ కూడా ఆ శాముయేల్ సంతతివాడే. కొన్ని తరాల వెనుక ఒకే నేతగాడికి పుట్టిన రెండు శాఖలు ఆ రాత్రి ఒకచోట భోజనం చేసి, సంగతి నిశ్చయంగా తెలియకుండానే లేచిపోయాయి.

ఆయన ఇంగ్లండు చూడనేలేదు. 1919లో నార్ఫోక్ హింగ్‌హాం చర్చిలో, శాముయేల్‌కు బాప్తిస్మం జరిగిన ఆ చర్చిలోనే, లింకను శిల్పం ప్రతిష్ఠించారు. ఆ చర్చి పుస్తకంలో శాముయేల్ పేరు ఒక్క వరుస.