బ్యాటరీకి దాహం ఎందుకు?

ఎండాకాలంలో మనకు దాహం ఎక్కువ. కారు బ్యాటరీకి కూడా అంతే! కాని దాని దాహం ఒక్కొక్కప్పుడు జబ్బుకు గుర్తు.

కారు బ్యాటరీలో సీసపు పలకలు, నీళ్లు కలిపిన గంధకికామ్లంలో మునిగి ఉంటాయి. ఇటువంటి బ్యాటరీని మొదట 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు. ఇంజను నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ అనే యంత్రం దీన్ని ఛార్జి చేస్తుంది. ఛార్జి మితిమీరకుండా కాపలా కాసేది రెగ్యులేటర్.

వేడెక్కిన బ్యాటరీకి తక్కువ వోల్టేజి చాలు. రెగ్యులేటర్ చెడితే, బ్యాటరీ నిండినా విద్యుత్తు వస్తూనే ఉంటుంది. అప్పుడు లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది. పలకలు తేలి, బ్యాటరీ పాడవుతుంది.

మెకానిక్ ఈ జబ్బును ఎలా కనిపెడతాడు? ఇంజను నడుస్తుండగా వోల్టుమీటరు పెట్టి చూస్తాడు. 12 వోల్టుల బ్యాటరీ అయితే సుమారు 14 వోల్టులు చూపాలి. 15 దాటిందంటే రెగ్యులేటర్‌ను అనుమానించవలసిందే. దాన్ని బాగుచేయకుండా నీళ్లు పోయడం చిల్లికుండను నింపడమే! తరవాత, మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తాడు. పోయింది నీరే గనక ఆమ్లం పోయడు. కుళాయి నీటిలో లవణాలుంటాయి గనక అదీ పనికిరాదు. బ్యాటరీ ఉబ్బినా, కుళ్లిన గుడ్ల వాసన వేసినా కొత్తది వేయవలసిందే.

పిల్లలూ, హైడ్రోజన్ ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. ఆమ్లం పడితే కళ్లు పోతాయి. అందుచేత దూరం నుంచే చూడండి. కాని బ్యాటరీ మాటిమాటికీ నీళ్లడుగుతుంటే, రెగ్యులేటర్ సంగతి నాన్నగారికి మీరే చెప్పండి!