నడిచే ఇంటిలో నిలువని కుర్చీ

1885వ సంవత్సరమున గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయుడు బ్రిస్టలు నగరమునందలి బండ్ల కర్మాగారము వారిచేత ఒక వింత ఇల్లు చేయించుకొనెను. దానికి పునాది లేదు, చక్రములున్నవి, రెండు గుఱ్ఱములు లాగవలెను. బ్రిటిషు నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిమ్మట బాలురకు సాహసకథలు వ్రాసి పేరుపొందిన ఈయన ఆ బండికి ‘వాండరర్’ అని పేరుపెట్టి, దానిలో స్కాట్లండునందలి ఇన్వర్నెస్ వరకు ప్రయాణము చేసెను. వినోదమునకై ఇంటిని వెంటబెట్టుకొని తిరుగు వేడుకకు ఈయననే ఆద్యుడుగా చెప్పుదురు. ఆయన దానిని బండి యనలేదు, నేలపై నడచు నావ యనెను.

ఆ పోలిక పైపై సొగసునకు చెప్పినది కాదు. ఓడలో కాపురము చేసినవారికి తెలిసినంతగా కదలెడు గదిలో సామాను సంగతి మరెవ్వరికిని తెలియదు. ఓడ గదిలో బల్ల కాళ్ళు నేలకు బిగించియుండును. బల్ల అంచున వ్రేలెడెత్తు చెక్కపట్టీ ఉండును. పళ్ళెము జారినను అచ్చట ఆగును. అలమర తలుపునకు గడియ లేనిదే ఓడ రేవు దాటదు. మన పల్లెలలో కాపురము మార్చువారు ఇత్తడి బిందెల నడుమ వరిగడ్డి కుక్కి గూడుబండికి ఎత్తుటయు ఈ జ్ఞానమే. అయితే గూడుబండి ఎద్దుల నడకతో పోవును. నేటి ట్రైలరు ఇల్లు కారు వెనుక గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును.

అమెరికాలో ఈ ట్రైలరు ఇండ్లకు పేరు తెచ్చినవారిలో వాలీ బయామ్ ముఖ్యుడు. 1936లో ఆయన సంస్థ ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ అను అల్యూమినియపు ట్రైలరును వెలువరించెను. నలుగురు పడుకొనుటకు చోటు, నీళ్ళ తొట్టి, విద్యుద్దీపములు, పగలు బల్లయై రాత్రి పడకగా మారు అమరిక, అన్నియు అందులో కలవు. 1959లో బయామ్ 41 ట్రైలర్లను వెంటగొని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నుండి బయలుదేరి, ఇథియోపియా కొండలు దాటి, 1960లో కైరో చేరెను. (చంద్రునిపై దిగి 1969లో తిరిగివచ్చిన వ్యోమగాములను, రోగభయముచేత కొన్నాళ్ళు వేరుగా ఉంచిన గది కూడ ఈ ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలరును మార్చి చేసినదే. దానికి చక్రములు తీసివేసిరి; అది ఓడపైనను విమానములోను తానే సామానై పయనించెను.)

ఇట్టి ఇంటిలో గోడకు బిగించిన సామానుతో చిక్కులేదు. చిక్కెల్లను విడిసామానుతోనే. నేటి పెద్ద ట్రైలర్లలో గోడయే బయటికి జరిగి గది వెడల్పగు ఏర్పాటున్నందున, మేడలలోవలెనే విడికుర్చీలు, వాలుకుర్చీలు, భోజనపుబల్లలు వచ్చి చేరినవి. “ఇంత బరువైన కుర్చీ ఎక్కడికి కదలును?” అని యజమాని ధైర్యము. ఈ ధైర్యమును పాఠశాల విద్యార్థి ఒక నిమిషములో పరీక్షింపగలడు.

గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి వేగము తగ్గు రేటు గురుత్వ త్వరణములో సగమనుకొందము. 10 కిలోల కుర్చీ బండితోపాటు ఆగవలెనన్న, దానిని 5 కిలోల బరువునకు సమానమైన బలము వెనుకకు పట్టవలెను. నునుపైన నేలపై కొయ్యకాళ్ళ ఘర్షణ గుణకము 0.3 అయినచో నేల పట్టగలది 3 కిలోలే. తక్కిన 2 కిలోలు ఎవరు పట్టుదురు? ఎవ్వరును పట్టనియెడల కుర్చీ ముందుకు జారును. మరి 60 కిలోల బీరువా మాటేమి? దానికి 30 కిలోలు కావలెను. నేల ఇచ్చునది 18. లెక్కలో బరువు రెండు వైపులను ఉన్నందున కొట్టివేయబడును. కుర్చీ జారిన చోటనే బీరువాయు జారును. పొడుగై పాదము సన్ననిదైన సామాను జారుటకు ముందే బోర్లపడును.

గతుకుల దారిలో మరియొక వింత కలదు. చక్రము గోతిలో పడి లేచినప్పుడు నేల ఒక్క క్షణము సామాను క్రిందినుండి దిగిపోవును. ఆ క్షణమున ఒత్తిడి లేదు. ఒత్తిడి లేనిచో ఘర్షణయు లేదు. అందుచే బ్రేకు వేయకున్నను కుర్చీ అంగుళమంగుళముగా నడచిపోవును. ఇరుసునకు దూరముగానున్న వెనుక కొసలో ఈ ఎగురుడు మరియు హెచ్చు. కారు నడుపువానికి ఇవి కనబడవు, వినబడవు.

గంటకు 50 కిలోమీటర్లతో పోవు ట్రైలరు దేనినైనను ఢీకొని చటుక్కున ఆగినచో, లోపలి విడివస్తువు అదే వేగముతో ముందుగోడను తాకును. ఇంచుమించు 10 మీటర్ల ఎత్తునుండి పడినదానికున్న వేగమది. బ్రిటనులో నడచుచున్న ట్రైలరు ఇంటిలో మనుష్యులు కూర్చుండరాదని నిషేధించుట ఊరక కాదు.

ఇక కట్టు విధము. విడికుర్చీకి నవారు వంటి గట్టిపట్టీ వేసి, బిగింపుకొక్కితో లాగి, నేలలోని ఇనుప వలయమునకు కట్టుట ఉత్తమము. సాగెడు రబ్బరు త్రాళ్ళు తేలికగా దొరకునుగాని, బరువుసామానుకు పనికిరావు; త్రాడు సాగునంతసేపును కుర్చీ వేగము పుంజుకొని, చివర ఒక్కసారిగా గుంజును. వలయమును ఎక్కడ బిగించితిమన్నదియు ముఖ్యమే. ట్రైలరు గోడపలక తరచు పలుచని ప్లైవుడే. అందులోని మరమేకు గుంజినంతనే ఊడివచ్చును. పలక వెనుకనున్న దూలమును వెదకి దానికే బిగింపవలెను. కాళ్ళ క్రింద రబ్బరు చాప పరచిన జారుడు తగ్గును. కాని చాపను నమ్మి పట్టీ మానరాదు. మడచు కుర్చీలను మడచి పరుండబెట్టుట మేలు. గ్యాసు బుడ్డి మూత బిగించియే కదలవలెను.

పగిలిన గాజుసామానును మరల కొనవచ్చును. ప్రాణముమీదికి వచ్చునది వేరొకటి. ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళు కారు కొక్కెముపై ఆనవలెనని నియమము. 2000 కిలోల ట్రైలరులో 240 కిలోలు, అనగా నూటికి 12, ఆనియున్నవనుకొందము. ఇరుసునకు ఒక మీటరు ముందున్న 60 కిలోల పుస్తకాల పెట్టె, ఎగుడుదారిలో గతుకులకు కదలి, ఇరుసునకు 3 మీటర్లు వెనుకకు చేరెను. కొక్కెమునకు ఇరుసునకు నడుమ దూరము 4 మీటర్లయినచో కొక్కెముపై భారము 60 కిలోలు తగ్గి 180 అగును, నూటికి 9. తూగుటుయ్యాల లెక్కయే ఇది. అప్పుడు ప్రక్కగాలికో, పెద్ద లారీ దాటిపోయినప్పుడో ట్రైలరు తోక ఊపసాగును. వేగమున్నకొలది ఊపు పెరిగి కారునుకూడ త్రిప్పి పడవేయగలదు. ఆ సమయమున కారు బ్రేకు గట్టిగా త్రొక్కిన ఊపు హెచ్చునేగాని తగ్గదు. త్రొక్కుడు మీటనుండి కాలు తీసి, చక్రమును నిలకడగా పట్టి, ట్రైలరు బ్రేకునకు వేరు మీట ఉన్నచో దానిని మాత్రము మెల్లగా వాడవలెను.

అందుకే అనుభవజ్ఞులు బరువుసామానును ఇరుసునకు కొంచెము ముందుగా, నేలమీదనే పెట్టి కట్టుదురు. పై అరలలో దుప్పట్లవంటి తేలికవి మాత్రమే ఉంచుదురు. బయలుదేరిన పదిపదునైదు కిలోమీటర్లకు బండిని ఒక ప్రక్కకు నిలిపి, తలుపు మెల్లగా తెరచి చూతురు. మెల్లగా తెరచుటకు కారణమున్నది: ఊడిన కుర్చీ ఒకొక్కప్పుడు తలుపునకే ఆనుకొనియుండును.