ఫినాయిల్‌కి లొంగని మొండిఘటాలు

పోయిన వానాకాలం మా పక్కింటి కుర్రాడు పాత రేకుల షెడ్డు విప్పుతుంటే పాదంలో తుప్పు మేకు దిగింది. కుర్రాడంటే ముప్పై ఏళ్లవాడే, ఉద్దానంలో కొబ్బరి దింపులకి వెళ్తుంటాడు. ఆ షెడ్డులో నేలంతా పేడ, కోళ్ల రెట్ట. వాళ్లమ్మ డెట్టాల్ సీసా సగం గాయం మీద ఒంపేసి, గుడ్డ కట్టేసి, పని అయిపోయిందనుకుంది. ఆసుపత్రికి పంపి సూది వేయించమన్నాను.

“సూదెందుకు బాబాయ్? నూటికి తొంభైతొమ్మిది పురుగులు సచ్చిపోతాయని టీవీలో సెప్తన్నాడు కదేటి?”

ఆరోగ్యశాఖలో ముప్పై మూడేళ్లు చేసి, కాశీబుగ్గలో ఇల్లు కట్టుకుని కూర్చున్నవాణ్ణి. నూతుల్లో బ్లీచింగ్ కలిపీ కలిపీ చేతులు బొబ్బలెక్కించుకున్నవాణ్ణి. అయినా గుమ్మంలో నిలబడి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. టీవీవాడు అబద్ధమేమీ చెప్పలేదు మరి. కాకపోతే అలాంటి లెక్కలు మామూలు బ్యాక్టీరియా మీద కడతారు. మేకుతో పాటు లోపలికి దిగేవి ఆ లెక్కలోకి రావు.

మా ఊళ్లో జీడిపిక్క గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పచ్చి పిక్కను కొరికితే జీడినూనెకి మూతి కాలుతుందే గానీ పలుకు దొరకదు. బాయిలర్లో ఆవిరి పట్టి, ఆరబెట్టి, కోతకు పెడితే గానీ పెంకు విడదు. కొన్ని బ్యాక్టీరియాలదీ ఇదే తంతు. తిండి అందని రోజులొచ్చాయంటే తమ సారాన్నంతా మూట కట్టుకుని, దాని మీద పొర మీద పొర కప్పుకుని, లోపలి నీటిని చాలామటుకు వదిలించుకుని గింజల్లా మారిపోతాయి. వాటినే స్పోర్లంటారు, బడి పుస్తకాల్లో సిద్ధబీజాలు. అవి తినవు, పెరగవు, ఏళ్ల తరబడి చావవు కూడా. మళ్లీ అనువైన చోటు దొరికిన రోజున పెంకు విప్పుకుంటాయి. ధనుర్వాతం తెచ్చేది ఈ జాతిదే. పశువుల దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, అదీ ఇదే జాతి.

డెట్టాల్, ఫినాయిల్, స్పిరిట్, చేతులకు రాసుకునే శానిటైజరు, ఇవన్నీ పెంకు లేని క్రిముల మీద బాగానే పనిచేస్తాయి. బ్యాక్టీరియా పైపొరను చీల్చి, లోపలి మాంసకృత్తులను పాడుచేస్తాయి. కరోనా వైరస్‌కి పైనున్నది కొవ్వు పొర కాబట్టి సబ్బుకే కరిగిపోయింది. స్పోరు దగ్గరికొచ్చేసరికి వీటి పప్పులుడకవు. స్పిరిట్‌లో నానబెట్టినా అది చెక్కుచెదరదు.

ఇది ఈనాటి సంగతి కాదు. 1881లో జర్మనీలో రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త పట్టుదారాలకు ఆంత్రాక్స్ స్పోర్లు పట్టించి కార్బాలిక్ యాసిడ్‌లో ముంచి చూశాడు. ఆ రోజుల్లో ఆపరేషన్లు చేసేవాళ్లకి కార్బాలిక్కే బ్రహ్మాస్త్రం. పెంకు లేని బ్యాక్టీరియా అందులో ఇట్టే చచ్చిపోయింది. స్పోర్లు మాత్రం రోజుల తరబడి బతికాయి. నూనెలో కలిపిన కార్బాలిక్కయితే వాటినేమీ చెయ్యలేకపోయింది. మన నల్ల ఫినాయిల్ ఆ కార్బాలిక్‌కి చుట్టమే, రెండూ బొగ్గుతారు నుంచి పుట్టినవే. ఇల్లు తుడిచాక వచ్చే ఆ ఘాటు వాసనకి మనం ఇచ్చే గౌరవం కాస్త ఎక్కువేనని నాకు ఎప్పటినుంచో అనుమానం.

మరి దేనికీ లొంగవా అంటే, బ్లీచింగ్‌కి లొంగుతాయి. కానీ బ్లీచింగ్‌కి సవాలక్ష షరతులున్నాయి. ఆ షరతులు నాకు పుస్తకం కన్నా తిత్లీ తుపాను బాగా నేర్పింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరితోటలు పడుకుని ఉన్నాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు పోయాయి కాబట్టి మోటార్లు లేవు, మోటార్లు లేవు కాబట్టి కుళాయిల్లో నీళ్లు లేవు. ఏళ్ల తరబడి ఎవరూ తొంగిచూడని నూతుల మీద మళ్లీ చేదలు వేలాడాయి. మేం వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లకి బ్లీచింగ్ బస్తాలతో బయల్దేరాం.

మొదటి తప్పు బస్తాలోనే ఉంది. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ సుమారు 33 శాతం. మూతి విప్పి ఉప్పుగాలిలో వదిలేస్తే నానాటికీ తరిగిపోతుంది. మేం తీసుకెళ్లిన బస్తాల్లో ఒకటి ముద్దకట్టి, వాసనైనా లేకుండా ఉంది. అది వేసినా ఒకటే, ముగ్గు వేసినా ఒకటే. రెండో తప్పు కొలత దగ్గర. రెండు మీటర్ల అడ్డకొలత నూతిలో నాలుగు మీటర్ల నీరుంటే లెక్కకి పన్నెండున్నర వేల లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున 30 గ్రాములు దాటితే చాలు, వరద నీరు దిగినచోట ఇంకా ఎక్కువ. జనం మాత్రం దోసిళ్లతో నేరుగా విసిరేస్తున్నారు. అలా విసిరితే సున్నం అడుగున పేరుకుని నీటికి కాఠిన్యం పెరుగుతుందే తప్ప క్లోరిన్ సరిగా కలవదు. పొడిని ముందు బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం కిందకి దిగనిచ్చి, పైతేట వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను నూతి నీళ్లలోకి దించి పైకీ కిందకీ ఆడించాలి. ఆ తర్వాత గంటసేపు ఎవరూ చేద వెయ్యకూడదు. దాహంతో ఉన్న ఊరికి ఆ గంట ఆగమని చెప్పడం ఎంత కష్టమో నూతిగట్టు మీద నిలబడితే తెలుస్తుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. నూతి నిండా కుళ్లిన కొబ్బరాకులు, పీచు. క్లోరిన్‌కి క్రిమి, ఆకు అనే తేడా లేదు. చెత్త ఎదురైతే దాన్ని మాడ్చడంలోనే ఖర్చయిపోతుంది. చెత్త తీయించి మళ్లీ వేస్తే గానీ మా పరీక్ష గొట్టంలో నీళ్లు పసుపురంగు చూపలేదు. ఆ పసుపు కనబడితేనే క్లోరిన్ మిగిలిందని గుర్తు. ఇంట్లో గచ్చుకీ ఇదే వర్తిస్తుంది. మురికి మీద పోసిన మందు మురికికే సరి, ముందు సబ్బునీళ్లతో కడగాలి.

ఆ నూతి దగ్గరే ఒక ముసలామె నా బకెట్ పట్టుకుని ఆపింది. “ఏటి బాబూ, ఈ తెల్లపొడికే మా కిడ్నీలు పోతన్నాయంటన్నారు, నిజమేటి?” కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఉద్దానంలో ఆ మాటకి నవ్వకూడదు. ఆమె ఇంట్లో ఇద్దరు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదని ఉన్నమాట చెప్పాను. ఈ వారం విరోచనాలు పట్టుకుంటే మాత్రం పాడైన కిడ్నీ ఒక్కరోజు కూడా తట్టుకోలేదనీ చెప్పాను. “అయితే నువ్వు ముందు తాగు” అంది. గంటయ్యాక తాగాను.

ఇంత పాటుపడి మేం చంపింది విరోచనాలు, టైఫాయిడ్ తెచ్చే పెంకులేని క్రిముల్ని. తాగేనీళ్లలో వేసే ఆ కాస్త క్లోరిన్‌కి ఆంత్రాక్స్ స్పోరు చావదు. దానికి ఎన్నో రెట్లు చిక్కని ద్రావణం కావాలి, గంటసేపు ఆ చోటు తడి ఆరకూడదు. 2001లో అమెరికాలో ఎవరో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ స్పోర్ల పొడి పెట్టి పంపితే 22 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. సెనేటర్ల ఆఫీసు భవనాన్ని శుభ్రం చెయ్యడానికి క్లోరిన్ డయాక్సైడ్ వాయువు పట్టించాల్సి వచ్చింది. మన విశాఖ మన్యంలో చచ్చిన పశువుని కోసినవాళ్లకి చేతుల మీద నల్లపుండ్లు లేచినప్పుడూ ఆంత్రాక్స్ పేరు వింటుంటాం. అక్కడ మందుల కన్నా కళేబరాన్ని కోయకుండా లోతుగా పాతెయ్యడమే పని. కోస్తే గాలి తగిలి స్పోర్లు తయారవుతాయి.

వంటింట్లో స్పోర్లని చంపగలిగేది ఒక్కటుంది, ప్రెషర్ కుక్కర్. మామూలుగా మరిగితే 100 డిగ్రీలే, కొన్ని స్పోర్లు దాన్ని ఓర్చుకుంటాయి. బియ్యంలో ఉండే ఒక రకం అన్నం ఉడికినా బతికి, గిన్నె రాత్రంతా బయట ఉంటే మొలకెత్తి వాంతులు తెప్పిస్తుంది. కుక్కర్లో ఆవిరి ఒత్తిడికి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆసుపత్రి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల మీద పావుగంటకు తక్కువ కాకుండా ఉంచేదీ అందుకే. జీడిపిక్కకి బాయిలరు ఎలాగో ఇదీ అలాగే.

ఇంకోమాట, ఇది నా ఇంట్లో జరిగిందే. కరోనా రోజుల్లో మా ఆవిడ బాత్రూంలో బ్లీచింగ్ చల్లి, చాలదని పైన టాయిలెట్ యాసిడ్ పోసింది. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. దగ్గుతో రెండురోజులు పడుకుంది. ఉద్యోగమంతా ఊళ్లకి చెప్పి ఇంట్లో చెప్పనివాణ్ణి నేను.

ఇక ఆ కుర్రాడి పాదం. గాయంలో చిక్కటి బ్లీచింగ్ పోస్తే స్పోరు కన్నా ముందు కండ చస్తుంది, కుక్కర్లో కాలు పెట్టలేం. అందుకే ధనుర్వాతాన్ని సీసాతో గెలిచినవాళ్లు లేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి పేడ రాసిన ఇళ్లున్నాయి. వారం తిరిగేసరికి బిడ్డ పాలు తాగలేక, విల్లులా వంగి పోయేది. తల్లులకు కడుపుతో ఉన్నప్పుడే రెండు సూదులు వేసి, కోతకి శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం అలవాటు చేశాం. పుట్టిన పిల్లల్లో ధనుర్వాతాన్ని లేకుండా చేసిన మొదటి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌కి గుర్తింపు వచ్చింది, దేశం మొత్తానికి 2015లో. మట్టిలో స్పోర్లు అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే. ఒంట్లోకి దిగాక మొలకెత్తి విషం వదిలినా, ఆ విషాన్ని పట్టేసే కాపలా ముందే ఉంటుంది, అంతే.

ఇదంతా చెప్పేసరికి వాళ్లమ్మ పొయ్యి మీద అన్నం మాడింది. కుర్రాడికి చిన్నప్పటి సూదులు పడ్డాయో లేదో ఆమెకి గుర్తులేదు. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడిగించి, నా బండి వెనక ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ధనుర్వాతం సూది, అదే టీడీ, వేశారు. మట్టి గాయం కాబట్టి విషాన్ని అప్పటికప్పుడే పట్టేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. రెండో డోసుకి నాలుగు వారాలాగి రమ్మన్నారు. ఆ రోజు వచ్చేసరికి కొబ్బరి దింపులున్నాయని వాడు వెళ్లలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ బండి తీశాను.